పొలం గట్టు నుంచి మేడగది దాకా

షావూవోత్ రాత్రి యెరూషలేములో నిద్రపోయేవాళ్లు తక్కువ. 2023 మే 25, గురువారం. పొద్దు వాలేసరికి బస్సులు, ట్రాములు ఆగిపోయాయి. దుకాణాలు మూశారు. భోజనాలయ్యాక జనం మళ్లీ వీధుల్లోకి వచ్చారు. తెల్ల చొక్కాల మగవాళ్లు, చంటిబిడ్డల్ని బండ్లలో తోసుకొస్తున్న తల్లులు, చంకలో పుస్తకాలు పెట్టుకున్న కుర్రాళ్లు. ఏ సమాజమందిరంలోకి తొంగి చూసినా పచ్చని కొమ్మల అలంకారం, బల్లల మీద చీజ్ కేకు ముక్కలు, మధ్యలో ఎవరో ఒకరు పాఠం చెబుతూ కనిపించారు. సీనాయి కొండ దగ్గర దేవుడు ధర్మశాస్త్రం ఇచ్చిన రోజుగా యూదులు ఈ పండుగను తలుచుకుంటారు. అందుకే రాత్రంతా చదువు.

నేను వెళ్లింది పెంతెకొస్తు ఆదివారం కోసం. అది మే 28న. ఆ ఏడాది రెండు పండుగలూ ఒకే వారాంతంలో కలిశాయి. ప్రతి ఏడూ ఇలా కుదరదు. యూదుల పంచాంగంలో అధికమాసం వచ్చిన 2024లో ఈ రెండింటి మధ్య మూడు వారాలకు పైగా ఎడం.

గుంటూరు జిల్లాలో మా లూథరన్ గుడిలో పెంతెకొస్తు ప్రసంగం ఎప్పుడూ అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంతోనే మొదలవుతుంది. బలమైన గాలి, అగ్ని నాలుకలు, రకరకాల భాషలు, పేతురు ప్రసంగం, మూడు వేలమంది బాప్తిస్మం. సంఘం పుట్టినరోజు అంటాం. ఆ అధ్యాయమంటే నాకు ప్రాణం. అయితే దాని మొదటి వాక్యంలోనే ఉన్న పెంతెకొస్తు యూదుల ఈ షావూవోత్ పండుగే, శిష్యులు కనిపెట్టింది కాదు. పార్తియా నుంచి, ఐగుప్తు నుంచి, లిబియ నుంచి, రోమా నుంచి, క్రేతు నుంచి యూదులు ఆ వేళ యెరూషలేములో ఉన్నారంటే, చాలామంది పండుగకు యాత్రగా వచ్చారు కాబట్టే. ఆ యాత్రికులు లేకపోతే పేతురు ఎవరితో మాట్లాడేవాడు?

ఆ పండుగ నియమాలు లేవీయకాండం 23వ అధ్యాయంలో ఉన్నాయి. పస్కా రోజుల్లో యవల పంట మొదటి పనను యాజకుడు దేవుని ఎదుట అల్లాడిస్తాడు. అక్కడి నుంచి ఏడు వారాలు లెక్కపెట్టాలి. యాభైవ రోజున కొత్త గోధుమపిండితో చేసిన రెండు రొట్టెలు తేవాలి. పస్కాకు ఇంట్లో పులిపిండి కనిపించకూడదు. ఈ రొట్టెలు మాత్రం పులిసినవే కావాలి. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలన్న దాని మీద దేవాలయం ఉన్న కాలంలోనే పరిసయ్యులకు, సద్దూకయ్యులకు వాదం నడిచింది. అక్కడ రాసిన విశ్రాంతి దినం మరునాడు అంటే పస్కా పండుగ మరునాడని పరిసయ్యులు, కాదు ఆదివారమని సద్దూకయ్యుల పక్షం. పరిసయ్యుల లెక్కే యూదుల్లో నిలిచింది. గెరిజీము కొండ మీద సమరయులు ఇప్పటికీ ఆదివారమే చేస్తారు. మన పెంతెకొస్తు కూడా ఎప్పుడూ ఆదివారమే వస్తుంది.

ఆ రాత్రి నేను కూర్చున్న చోట ఇంగ్లిషులో పాఠం చెప్పిన పెద్దాయన యూదుల వ్యాఖ్యాన గ్రంథం తల్మూదులోని ఒక మాట ఎత్తుకున్నారు. సీనాయి మీద దేవుని నోట వెలువడిన ప్రతి మాటా డెబ్బై భాషలుగా చీలిందట. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఆ గ్రంథం అపొస్తలుల కార్యముల కంటే తర్వాతిదే, నిజమే. కానీ పేతురు కాలంలోనే జీవించిన అలెగ్జాండ్రియా యూదు పండితుడు ఫైలో, సీనాయి మీది అగ్నిజ్వాల వినేవాళ్లకు తెలిసిన మాటగా మారిందని రాశాడు. అగ్ని, మాట, అందరికీ అర్థం కావడం. పెంతెకొస్తు నాడు శిష్యులున్న మేడగదిలో జరిగిందాన్ని విన్న యూదుడికి ఏ కొండ గుర్తొచ్చి ఉంటుందో వేరే చెప్పాలా?

తెల్లవారుజామున నాలుగు గంటలకు జనం పశ్చిమ గోడ వైపు నడక మొదలుపెట్టారు. నేనూ వాళ్ల వెంట నడిచాను. 1948 నుంచి 1967 దాకా ఈ గోడ యోర్దాను దేశం చేతిలో ఉండేది, యూదులు రావడానికి వీల్లేకపోయింది. 1967 జూన్‌లో యుద్ధం ముగిశాక గోడ దగ్గరకు మామూలు జనాన్ని రానిచ్చింది షావూవోత్ రోజునే. రెండు లక్షలమంది వచ్చారంటారు. ఈ వేకువ నడక అప్పటి నుంచే ఆనవాయితీ అయింది. సూర్యోదయం వేళకు ప్రార్థన అందుకునేసరికి మైదానమంతా ఒకటే గొంతుగా మోగింది.

బసకు తిరిగొస్తూ దారిలో చిన్న సమాజమందిరం ముందు ఆగాను. లోపల రూతు గ్రంథం చదువుతున్నారు. షావూవోత్‌కు రూతు చదవడం యూదుల ఆచారం. బయట చెట్టు నీడలో చక్రాల కుర్చీలో ఒక ముసలావిడ, పక్కన అరుగు మీద మన మనిషి. నా చేతిలో తెలుగు బైబిలు చూసి తనే పలకరించింది.

"మీది గుంటూరు సైడాండీ? మాది తణుకు దగ్గరండీ. ఈ సఫ్తాని చూసుకుంటానండి."

సఫ్తా అంటే అవ్వ. ఈ దేశంలో వృద్ధులకు సేవ చేసే పనిలో మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఆమె లోపలి చదువు వైపు తల తిప్పి అంది: "ప్రతి ఏడూ ఇవాళ రూతు చదువుతారండి. నాకు భాష సగమే వచ్చు. కానీ పరాయి దేశపు పిల్ల వచ్చి ముసలావిడని చూసుకోడమే గదండీ ఆ కథ. వింటుంటే నా గురించే అనిపిస్తది."

ఇన్నేళ్లుగా రూతు మీద విన్న ప్రసంగాలన్నిటి కంటే ఆ మాట నాలో లోతుగా దిగింది.

లేవీయకాండం 23లో ఒక చోటు ఉంది, చాలామంది దాటేస్తారు. రెండు రొట్టెల సంగతి ముగిసీ ముగియగానే, తర్వాతి పండుగ ఇంకా మొదలుకాకముందే, 22వ వచనంలో పొలం మాట వస్తుంది. కోత కోసేటప్పుడు పొలం అంచులు పూర్తిగా కోయవద్దు, పరిగె ఏరుకోవద్దు, అవి బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలి. పెంతెకొస్తు విధుల్లోనే ఇది ఒక విధి. బోయజు అనే ఆసామి పొలంలో మోయాబు దేశపు రూతు పరిగె ఏరుకోగలిగింది ఈ చట్టం ఉండబట్టే. ఏరిన గింజలతోనే ఆమె అత్త నయోమి బతికింది. ఆ రూతు మునిమనవడే దావీదు.

మా నాయనమ్మ పరిగె ఏరింది. వరి కోతలయ్యాక కామందుల పొలాల్లో మా పల్లె ఆడవాళ్లు ఒంగి ఒక్కో కంకీ ఏరుకునేవాళ్లు. కొందరు కామందులు ఏరుకోనిచ్చేవాళ్లు, కొందరు గట్టు మీదనుంచే తరిమేవాళ్లు. ఇచ్చినా, తరిమినా అది వాళ్ల దయ మీద ఉండేది. చదువు రాని నాయనమ్మకు బైబిలు స్త్రీ నేర్పిన కథల్లో రూతు కథ కంఠతా వచ్చు. ఆ కథ పెంతెకొస్తుదని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ గింజలు దయ కాదు, పండుగతో పాటు దేవుడు రాసిపెట్టిన వాటా అని చెప్పి ఉంటే ఆమె ఎంత తలెత్తుకుని ఉండేదో. తెలుగు సంఘాల్లో ఎక్కువమందిమి పరిగె ఏరిన వాళ్ల బిడ్డలమే. ఈ పండుగ వేరును మనమైనా మరవకూడదు కదా.

ఆ సాయంత్రం సీయోను కొండ ఎక్కాను. ఒకే కట్టడంలో కింద దావీదు సమాధి అని యూదులు కొలిచే గది, పైన మేడగది అని క్రైస్తవులు కొలిచే గది. నిజంగా దావీదును పాతిపెట్టింది ఇక్కడ కాదని చరిత్రకారుల మాట. అయినా దావీదు షావూవోత్ నాడే చనిపోయాడని నమ్మే జనం ఆ రోజు సమాధి ముందు కిక్కిరిసి కీర్తనలు చదువుతున్నారు. పేతురు తన ప్రసంగంలో దావీదు సమాధి ఇప్పటికీ మన మధ్యనే ఉందని ఎందుకు గుర్తుచేశాడో అక్కడ నిలబడితే తెలిసింది. ఆ రోజు అందరి మనసులోనూ దావీదు ఉన్నాడేమో!

ఆదివారం ఉదయం దేవాలయపు దక్షిణపు మెట్ల దగ్గర గడిపాను. 1968లో బెంజమిన్ మజార్ మొదలుపెట్టిన తవ్వకాల్లో బయటపడ్డ మెట్లు. పక్కనే శుద్ధి స్నానాల గుంటలు. మూడు వేలమందికి బాప్తిస్మం ఇక్కడే జరిగి ఉండవచ్చని కొందరంటారు. షావూవోత్ మొదలుకొని ప్రథమ ఫలాల గంపలతో ఊళ్లకు ఊళ్లు యెరూషలేము దేవాలయానికి తరలి రావడాన్ని యూదుల ప్రాచీన గ్రంథం మిష్నా వర్ణిస్తుంది. కొమ్ములకు బంగారు పూత వేసిన ఎద్దు ముందు నడిచేది, పిల్లనగ్రోవి మోగేది. దేవాలయపు కొండ చేరాక అగ్రిప్ప రాజైనా సరే గంప తన భుజాన మోయాల్సిందే. గంప ఇచ్చేటప్పుడు ధర్మశాస్త్రంలోని కొన్ని మాటలు వల్లించాలి. మొదట్లో చదువొచ్చినవాళ్లు సొంతంగా చెప్పేవాళ్లు, రానివాళ్లకు ఒకరు అందించేవాళ్లు. దాంతో చదువు రానివాళ్లు సిగ్గుపడి రావడమే మానుకున్నారు. అప్పుడు పెద్దలు, వచ్చినా రాకపోయినా అందరికీ అందించాల్సిందేనని తీర్పు చెప్పారు. ఈ సంగతి తలుచుకుంటూ ఆ మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

సాయంకాలం మేడగదిలో ఫ్రాన్సిస్కన్ సన్యాసుల ప్రార్థన. ఒకప్పుడు ఆ గది వాళ్లదే. 16వ శతాబ్దంలో ఒట్టోమన్లు మసీదుగా మార్చారు, గోడలో మిహ్రాబు ఇప్పటికీ ఉంది. ఇప్పుడు ఏడాదిలో ఏ కొద్ది రోజులో తప్ప అక్కడ ఆరాధన జరగదు. నా పక్కన అరబీలో, స్పానిష్‌లో ప్రార్థించేవాళ్లు. నేను తెలుగులో ప్రార్థించాను, తణుకు చెల్లెలి కోసం, ఆమె సఫ్తా కోసం. తర్వాత కార్యములు రెండో అధ్యాయం చివరిదాకా చదువుకున్నాను. అగ్ని దిగిన ఆ అధ్యాయం ఆస్తులమ్మి అక్కర కొద్దీ పంచుకోవడంతో గాని ముగియదు. పులిసిన రొట్టెల పక్కనే పరిగె చట్టం ఉన్నట్టు, ఇక్కడా అగ్ని పక్కనే పంచుకోవడం ఉంది.

ఆ రాత్రి మా పాస్టరు గారికి ఫోన్ చేశాను. వచ్చే పెంతెకొస్తుకు కార్యముల కంటే ముందు లేవీయకాండం 23, రూతు రెండో అధ్యాయం చదివిద్దామండీ అన్నాను.

"తప్పకుండా. ఆ పూటే కోత పండుగ కానుకలు కూడా తెమ్మందామా? మే నెలలో పొలాల్లో ఏముంటుందయ్యా?"

"మామిడికాయలు ఉంటాయండీ. పెరటి కూరలు, కోళ్లు."

"ఆ కానుకలు వేలం వేస్తే వచ్చే డబ్బు ఎవరికి?"

ఊరి చివర ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చి పనిచేసే కుటుంబాల పేరు చెప్పాను. సంఘ కమిటీలో ఈ నెలలోనే పెడతానన్నారు.