పొలే న కాజి

తాండూరు మార్కెట్‌ల కూసుంటే చాలు, "ఆఫ్రికా కందులు రాకుండా ఆపాలె" అన్న మాట వినబడుతుంది. నేనూ అన్నవాణ్ణే. కానీ అనేముందు ఒక ముసలాయన గుర్తుకొస్తడు. ఆ సంగతి ఇయ్యాల రాస్తున్న.

2016లో టాంజానియా పోయిన. బబాటి దగ్గర కందులు కొని ఇండియాకు పంపే ఒక వ్యాపారి గోదాంలో పని. తేమ చూసుడు, తూకం వేసుడు, సంచులు లెక్కపెట్టుడు. మనం కందిలో పెసర వేసినట్టు వాళ్లు మక్కలో కంది వేస్తారు. మొదటిసారి ఆ చేను చూసినప్పుడు మా ఊరి పొలిమేరలో నిలబడ్డట్టే అనిపించింది.

అక్కడ చిన్నవాళ్లు పెద్దవాళ్లకు "షికమో" అని దండం పెడతారు. "మీ కాళ్లు పట్టుకుంటున్న" అని దాని అర్థమట. మన "కాల్మొక్త" లాంటిదే. కాకపోతే మనం దొరలకు మొక్కినం, వాళ్లు వయసుకు మొక్కుతరు. ఇంకో మాట "పొలే". కాలికి రాయి తగిలినా, జ్వరం వచ్చినా "పొలే" అంటరు. చేన్ల వంగి పనిచేసేవాళ్లను చూస్తే "పొలే న కాజి" అంటరు. పనితో కష్టపడుతున్నవు, అయ్యో అని.

గోదాం వెనక ఒక పెద్దాయన ఉండేటోడు. అందరూ "మ్జే" అని పిలిచేవారు, అంటే పెద్దాయన అనే. తినే వేళకు అటు నుంచి పోతే "కరిబు" అని కూసోబెట్టేవాడు. ఉగాలి, తోటకూర. ఉగాలి అంటే గట్టిగా కెలికిన మక్కపిండి సంకటి. ఒకరోజు ఆయన కందులతోనే చింతపండు వేసి పప్పు చేసి తీసుకపోయిన. ఒక ముద్ద తిని మూతి ముడిచిండు. "మా పంట మీరిట్ల పాడు చేస్తున్నరా" అని ఇంటిల్లిపాదీ ఒకటే నవ్వు.

2017 మొదట్లో మా నాయిన ఫోన్ చేసిండు. మద్దతు ధర 5050 అన్నరు గానీ కొనే కేంద్రంలో వరస తెగలేదు, బయట నాలుగు వేలకు అమ్ముకున్నడు. బయటి కందులు వచ్చి ముంచినయని తిట్టిండు. ఆ కందుల సంచులు కుట్టించేది నేనే. ఆయనకు చెప్పలేదు.

ఆగస్టులో ఇండియా దిగుమతికి ఏడాదికి రెండు లక్షల టన్నులని హద్దు పెట్టింది. సరిగ్గా అక్కడ కోతల టైము. "కొనుడు ఆపు" అని మా సేటు ఫోన్. మరునాడే మ్జే గాడిద బండి మీద ఆరు సంచులు తెచ్చిండు. కొనట్లేదని చెప్పిన. "ఇండియాలో కందులు తినుడు మానేసిన్రా?" అని అడిగిండు. ఏం చెప్పాలె? తలొంచుకొని నిలబడ్డ. ఆయన కొంచెంసేపు చూసి, నా భుజం మీద చెయ్యి వేసి, "పొలే న కాజి" అని బండి తిప్పుకున్నడు.

నష్టపోయింది ఆయన. అయ్యో అన్నది నన్ను.

ఇప్పుడు నేనూ కంది వేస్తున్న. 2021 నుంచి దిగుమతులు మళ్లీ తెరిచిన్రు. కోతల్లో ధర పడితే నాకూ కడుపు మండుతది. మన రైతుకు ధర రావాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ తలుపు తీసుడో మూసుడో విత్తనం వేసేముందే చెప్పాలె. పంట కోసినంక చెప్తే ఇక్కడ మా నాయిన, అక్కడ మ్జే, ఇద్దరూ మునుగుతరు.

ఆ ఆరు సంచులు ఆయన ఏం చేసిండో అడిగే ధైర్యం నాకు రాలే.