మూడో గడి

పోయిన మే నెలలో వర్క్ ఫ్రం హోం పేరు చెప్పి పది రోజులు బాపట్లలో దిగబడ్డాను. సాయంత్రం లాప్‌టాప్ మూసెయ్యడం, బండేసుకుని సూర్యలంక పోవడం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలో వేట నిషేధం కదా, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. హైస్కూల్లో నా పక్క బెంచీవాడొకడు అక్కడి మత్స్యకారుల సహకార సంఘానికి కార్యదర్శి. (ఏ సంఘమో చెప్పను. చెబితే వాడు నన్ను సముద్రంలో కలిపేస్తాడు.)

మూడో రోజు వాడే కదిపాడు. "ఒరేయ్, నువ్వు కంప్యూటర్లో కాయితాలు సర్దే పని చేస్తావంట గదా. మా కాయితాలు కూడా కాస్త చూసిపెట్టు."

ఇన్నేళ్ళ అనుభవానికి ఇదా వర్ణన అని మనసు చివుక్కుమంది గానీ, ఆలోచిస్తే మా అమ్మకి కూడా ఇంత బాగా చెప్పలేకపోయాను. నాది రిలీజ్ మేనేజ్‌మెంటు. ఏ ఫైలు ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు, ఇప్పుడు ప్రొడక్షన్లో నడుస్తున్నది ఏది.. రోజంతా అదే గోల.

అసలు సంగతి వాడి పిన్నిది. సంఘం పాత బైలాలో సభ్యుడంటే సముద్రం మీద వేటకెళ్ళేవాడు. తెల్లారకముందే గంప నెత్తినెట్టుకుని ఊళ్ళోకెళ్ళి చేపలమ్ముకొచ్చే ఆడవాళ్ళకి అందులో చోటు లేదు. తొమ్మిదేళ్ళ కిందట మహాజన సభలో ఆ నిబంధన మార్చి, చేపలమ్మి బతికేవాళ్ళని కూడా చేర్చుకోవచ్చని తీర్మానం చేశారు. బాబాయి పోయాక పిన్ని ఆ నిబంధన కిందే సభ్యురాలైంది. వాటా సొమ్ము కట్టింది, రసీదు కొంగున కట్టుకున్నంత భద్రంగా దాచుకుంది. ఇప్పుడు అప్పుకి కాయితాలు పెడితే, "మా దగ్గరున్న బైలా ప్రకారం ఈవిడ సభ్యురాలే కాదు" అని వెనక్కొచ్చాయి.

బీరువా తెరిస్తే బైలాస్ ఒకటి కాదు, మూడున్నాయి. ఒకటి సీలు వేసిన పాత టైపు కాపీ. ఇంకోటి జిరాక్సు, మార్జిన్లో ఎవరో పెన్నుతో దిద్దినది. ఎవరు దిద్దారో, ఎప్పుడు దిద్దారో సంతకం లేదు. మూడోది బాపట్లలో డీటీపీ చేయించిన చక్కటి పుస్తకం, అందులో సవరణ ఉంది. అందరూ వాడేది ఆ పుస్తకమే, ఎందుకంటే అక్షరాలు పెద్దవి :)

నా బుర్రకి వెంటనే తట్టిన మందు గిట్. డీటీపీ సెంటరు నుంచి ఫైలు తెప్పించా. తెరిస్తే అంతా పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు, అను ఫాంట్స్ మరి! యూనికోడ్ కాదు కాబట్టి పైకి తెలుగులా కనబడ్డా లోపల తెలుగు లేదు. వెతుకుదామంటే దొరకదు, డిఫ్ తీస్తే మనిషికి అర్థం కాదు. రెండు రాత్రులు కూర్చుని యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్ది, ఒక్కో ఉపనిబంధన ఒక్కో లైనుగా విడగొట్టి సాదా టెక్స్టు ఫైలు చేశా. వర్డ్ ఫైలు అలాగే పడేస్తే గిట్‌కి అదొక మూట, లోపల ఏం మారిందో చెప్పలేదు. పాత టైపు కాపీ మొదటి కమిట్, డీటీపీ పుస్తకం రెండోది. డిఫ్ కొట్టగానే స్క్రీను మీద ఒక్క ఎర్ర లైను, ఒక్క పచ్చ లైను. పిన్ని బతుకు ఆ పచ్చ లైన్లో ఉంది.

మనవాడికి చూపించి గొప్పగా నవ్వా. వాడు నవ్వలేదు. "ఇది బానే ఉందిరా. ఇందులో ఏది చెల్లుద్ది?" అన్నాడు.

అక్కడ దొరికిపోయాను. చట్టాలవాళ్ళకి డిఫ్ మనం నేర్పక్కర్లేదు. ఏ సవరణ చట్టం తీసుకున్నా, ఫలానా సెక్షన్లో ఫలానా మాటలు తీసి ఫలానా మాటలు పెట్టమనే కదా ఉంటుంది, అది ప్యాచ్ ఫైలు కాక మరేంటి? ఫోర్కులు కూడా తెలుసు వాళ్ళకి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు 1964 నాటి సహకార చట్టం అటొకటి ఇటొకటి అయ్యింది. కాకపోతే వాళ్ళ దగ్గర కమిట్‌కీ మెర్జ్‌కీ మధ్య పెద్ద సముద్రమే ఉంది. సహకార సంఘం మహాజన సభలో చప్పట్లు కొట్టి తీర్మానం చేస్తే అది కమిట్ మాత్రమే. రిజిస్ట్రారు దగ్గర సవరణ రిజిస్టరయితేనే మెర్జ్. మెయిన్ బ్రాంచి సంఘం బీరువాలో ఉండదు, ఆయన ఆఫీసులో ఉంటుంది. నేను డీటీపీ పుస్తకాన్ని రెండో కమిట్‌గా ఎక్కించినప్పుడు, అది లైవ్‌లో ఉందో లేదో కనుక్కోకుండానే ఎక్కించా. మా ఆఫీసులో జూనియర్ ఎవరైనా ఇలా చేస్తే మీటింగు పెట్టి మరీ చీవాట్లు పెడతాను.

(పెద్దవాళ్ళకీ తప్పలేదనుకోండి. సహకార సంఘాల మీద 2011లో 97వ రాజ్యాంగ సవరణ చేశారు. 2012 ఫిబ్రవరిలో అమల్లోకొచ్చింది. కనీసం సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం తీసుకోలేదని, రాష్ట్రాల్లోని సంఘాల వరకూ ఆ భాగం చెల్లదని 2021 జూలైలో సుప్రీంకోర్టు తేల్చింది. కావలసిన అప్రూవల్స్ లేకుండా మెర్జ్ చేసిన పుల్ రిక్వెస్టు, తొమ్మిదేళ్ళ తరవాత రివర్ట్.)

మర్నాడు మినిట్స్ పుస్తకాలన్నీ కింద పోసుకుని కూర్చున్నాం. తీర్మానం దొరికింది. నెంబరుంది, తేదీ ఉంది, వేలిముద్రలతో సహా అందరి సంతకాలూ ఉన్నాయి. పంపించామన్న కాయితం లేదు. రిజిస్టర్ చేశామని జవాబూ లేదు. అప్పటి కార్యదర్శి బతికిలేడు. మనవాడు ఆఫీసుకెళ్ళి కనుక్కుంటే, అలాంటి సవరణేదీ ఎక్కలేదన్నారు.

అంటే తొమ్మిదేళ్ళుగా ఊరంతా రిలీజ్ కాని వెర్షను మీద నడిచింది. ఆ నిబంధన కింద చేరినవాళ్ళు పిన్నితో కలిపి పదకొండుమంది. మధ్యలో ఎన్నికల్లో ఓట్లు కూడా వేశారు, ఆ ఓట్ల సంగతేమిటని నేనడగబోతే వాడు నా కాలు తొక్కాడు.

పిన్నికి నేనే చెప్పా. గిట్, గాడిదగుడ్డు లేకుండా, కాయితం పైకి పోలేదు పిన్నీ అన్నా. ఆవిడ కాసేపు రసీదు వైపు చూసి, "మరి డబ్బులెట్టా తీసుకున్నారు అబ్బాయ్?" అంది. దానికి ఇప్పటికీ నా దగ్గర సమాధానం లేదు.

జూన్ మొదటివారంలో, ఇంకా మగాళ్ళంతా ఒడ్డున ఉండగానే, మహాజన సభ పెట్టి అదే తీర్మానం మళ్ళీ చేశారు. ఈసారి స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకొచ్చారు. నా గిట్ రిపాజిటరీ నా లాప్‌టాప్‌లోనే ఉంది, వాడికి దానితో పనిలేదు. వాడు ఒక పొడుగు నోటుబుక్కు కొని స్కేలుతో గీతలు కొట్టుకున్నాడు. తీర్మానం నెంబరూ తేదీ ఒక గడి, పైకి పంపిన తేదీ ఒక గడి, రిజిస్టరయిన తేదీ ఇంకో గడి. చూశాక నా కమిట్ మెసేజీలు కూడా అదే పద్ధతిలోకి మార్చాను. డీటీపీ పుస్తకాన్ని మెయిన్ నుంచి తీసి పక్క బ్రాంచిలో పెట్టాను.

నిన్న ఫోన్ చేశా. వేట బాగానే పడుతోందట. మూడో గడి సంగతేంటిరా అన్నా. "ఖాళీగానే ఉంది, సోమారం మళ్ళీ పోతన్నా. పిన్ని కూడా వస్తదంట" అన్నాడు.