నాకేదీ నచ్చదు

“నాకే అభిప్రాయమూ లేదు బాబూ” అని చేతులు దులుపుకునే పెద్దమనుషులు మీకూ తగిలే ఉంటారు. నన్నడిగితే, అభిప్రాయాల మీద అంత గట్టి అభిప్రాయం ఉన్నవాళ్ళు వేరే ఉండరు. అలాంటి ఒకాయన బుద్ధుడికీ తగిలాడు. పేరు దీఘనఖుడు, అంటే పొడుగు గోళ్ళాయన. పరివ్రాజకుడు. బుద్ధుడి ఉపదేశాల సంకలనమైన మజ్ఝిమనికాయంలో 74వ సుత్తం ఆయన పేరు మీదే ఉంది.

రాజగృహం పక్కన గృధ్రకూట పర్వతం మీద సూకరఖాతమనే గుహలో జరిగిందిది. వచ్చాడు, కుశలప్రశ్నలయ్యాయి, కూర్చోకుండానే తన సిద్ధాంతం చెప్పేశాడు: తనకేదీ సమ్మతం కాదట. మరి ఆ సిద్ధాంతమైనా సమ్మతమేనా అని బుద్ధుడు అడిగాడు. దీఘనఖుడు నీళ్ళు నమిలాడు.

తర్వాతది ఇంకా బాగుంటుంది. అన్నీ సమ్మతమే అనేవాడు బంధానికి దగ్గరగా ఉంటాడు, ఏదీ కాదనేవాడు విడుదలకు దగ్గరగా ఉంటాడు అన్నాడు బుద్ధుడు. ఇంకేముంది, గౌతముడు తన వాదాన్ని మెచ్చుకుంటున్నాడని దీఘనఖుడు పొంగిపోయాడు. ముందుంది ముసళ్ళ పండగని తెలీదు పాపం! అన్నీ నచ్చడం, ఏదీ నచ్చకపోవడం, కొన్ని నచ్చి కొన్ని నచ్చకపోవడం: ఈ మూడింట్లో దేన్ని పట్టుకు వేళ్ళాడినా మిగతా రెండింటితో తగాదా తప్పదు. తెలివైనవాడు అది చూసి చేతిలోది వదిలేస్తాడు, కొత్తది పట్టుకోడు. అంతటితో వాదం కట్టిపెట్టి బుద్ధుడు శరీరం మీదికి, సుఖదుఃఖాల మీదికి మాట మళ్ళించాడు.

అలాగని బుద్ధుడికి ఏ దృష్టీ లేదనుకోకండి. అష్టాంగమార్గంలో మొదటి అంగమే సమ్యక్ దృష్టి. ఆయన పేచీ అంతా దృష్టిని పట్టుకు వేళ్ళాడడంతోనే.

శిష్యులు మాత్రం వాదన మానలేదు. బౌద్ధుల వాదప్రతివాదాల గ్రంథం కథావత్థులో 200కు పైగా వివాదాలున్నాయి. వాటిలో చాలావాటిని దాని వ్యాఖ్యానమైన అట్ఠకథ ‘అంధకుల’కు, అంటే ఆంధ్రదేశపు బౌద్ధ శాఖలకు, అంటగట్టింది. ఆ అంధకుల్లో ఒక శాఖవారైన అపరశైలీయుల పేరు నాగార్జునకొండ శాసనాల్లో కనిపిస్తుంది. మనవాళ్ళేనండీ, నోరెందుకు ఊరుకుంటుంది!

అన్నట్టు, ఆ గుహలో మూడో మనిషి కూడా ఉన్నాడు. బుద్ధుడి వెనక నిలబడి విసనకర్రతో విసురుతున్న సారిపుత్తుడు. ఈ సుత్తం అట్ఠకథ ప్రకారం దీఘనఖుడు ఆయనకు మేనల్లుడే. సంభాషణ ముగిసేసరికి వాదానికొచ్చిన మేనల్లుడికి దక్కింది తొలిమెట్టు, సోతాపత్తి. నోరెత్తకుండా విసురుతూ విన్న మేనమామకు చివరిమెట్టు, అర్హత్వం.