మల్లారం ఫైర్‌లైన్ మీద తమ్ముడి సైకిల్

జనవరిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ‘మై హాబీ’ అని ఒక పేజీ రాయమని ఇచ్చాను. సగానికి పైగా టీవీ చూడటం, క్రికెట్ ఆడటం. దిద్దుతూ దిద్దుతూ ఒక అమ్మాయి పేపర్ దగ్గర ఆగాను. ‘ఐ వాజ్ సైక్లింగ్ అప్ టు సిక్స్త్ క్లాస్’ అని మొదలుపెట్టింది. హాబీ గురించి కదా, ప్రెజెంట్ టెన్స్ రావాలి కదా అని ఎర్ర పెన్నుతో ‘వాజ్’ కింద గీత గీశాను. గీశాక మిగతాది చదివాను. టెన్స్ తప్పు కాదు. ఆరో తరగతి తర్వాత ఇంట్లో సైకిల్ వద్దన్నారట. మేడ మీద పెట్టేశారట. టైర్లలో గాలి పోయిందట.

గీత చెరిపేద్దామంటే ఎర్ర ఇంకు.

ఆ పేపర్ నన్ను అంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. మాది మోస్రా. నిజాంసాగర్ కాలువ నీళ్లతో పండే ప్రాంతం. ఎటు చూసినా వరి మళ్లు, నా చిన్నప్పుడు చెరుకు కూడా బాగా ఉండేది. నేల చదును కాబట్టి సైకిల్‌కు ఏ ఇబ్బందీ లేదు. బాపు సైకిల్ మీద కైంచీ తొక్కుతూ నేర్చుకున్నాను. బోధన్ షక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి పోయే చెరుకు ట్రాక్టర్ వెనక తొక్కుతూ, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని ఇంకో చేత్తో గడ లాగడం మా పిల్లలందరికీ వచ్చిన విద్య. (ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఇప్పటి పిల్లలకు ఆ విద్య రాదు, రాకపోవడమే మంచిది లెండి.) ఏడో తరగతిలో ఉండగా అమ్మ ఒకరోజు “ఇగ చాలు బిడ్డా, పెద్దపిల్లవైనవ్” అంది. అంతే. ఎవరూ తిట్టలేదు, కోప్పడలేదు. సైకిల్ తమ్ముడిదైంది. నేను ఆటోల్లో, బస్సుల్లో తిరుగుతూ ఇంటర్, డిగ్రీ, బీఈడీ పూర్తి చేశాను. పదిహేనేళ్లు సైకిల్ మీద కాలు పెట్టలేదు.

తమ్ముడు తర్వాత లావు టైర్ల గేర్ సైకిల్ ఒకటి కొనుక్కున్నాడు. పోయిన ఏడాది దుబాయ్ వెళ్తూ దాన్ని కొట్టంలో గోనెసంచి కప్పి పెట్టాడు. ఆ పేపర్ దిద్దిన రోజు సాయంత్రం వెళ్లి గోనెసంచి తీశాను.

మన పీఈటీ సార్, ఆయన భార్య ఆదివారం పొద్దున్నే మల్లారం అడవిలో సైకిల్ తొక్కుతారని స్టాఫ్ రూమ్‌లో విన్నదే. వాళ్లను అడిగాను. మా ఊరి నుంచి నిజామాబాద్ వెళ్లే పాల ట్రాలీలో సైకిల్ వేసుకుని, నేనూ ఎక్కి కూర్చున్నాను. మల్లారం మీలో చాలామందికి తెలిసిందే. నిజామాబాద్‌కు ఏడు కిలోమీటర్ల దూరం. పిల్లలను పిక్నిక్‌కు తీసుకెళ్లి వాచ్ టవర్ ఎక్కించి తీసుకొస్తాం. అటవీ సిబ్బంది అనుమతి తీసుకుని ఇంకొంచెం లోపలికి వెళ్తే, టేకు చెట్ల మధ్య గుట్ట ఎక్కి దిగుతూ వెడల్పాటి మట్టి దారి కనిపిస్తుంది. అది మనుషుల కోసం వేసిన దారి కాదు. ఫైర్‌లైన్.

ఆ రోజు ఒక ఫైర్ వాచర్ దాని మీద రాలిన ఆకులు ఊడుస్తున్నాడు. అడవిని ఊడ్వడమేంటని నేను నవ్వాను. “ఇప్పుడు ఊడ్వకపోతే మార్చిల ఊడ్వనీకి ఏం మిగల్ది మేడం” అన్నాడు. టేకు ఎండాకాలం ముందే ఆకంతా రాలుస్తుంది. నేల మీద మోకాలి కింది దాకా ఎండుటాకు. ఇప్పపువ్వు ఏరేవాళ్లు చెట్టు కింద శుభ్రం చేయడానికి, తునికాకు చిగురు బాగా రావాలని కొందరు నిప్పు పెడతారు. ఒక్కోసారి ఆర్పకుండా పారేసిన బీడీ చాలు. మంట ఆకుల మీదుగా పాకుతూ పోతుంది. ఆకు లేని మట్టి పట్టీ ఎదురైతే అక్కడ ఆగుతుంది. ఆ పట్టీయే మేము తొక్కిన దారి.

ఎక్కడం కష్టమే గానీ భయం లేదు. చిన్న గేరులో, సీటు మీదే కూర్చుని, గుండె ఎంత కొట్టుకున్నా ఊరుకుని తొక్కాలి. లేచి నిలబడితే వెనక చక్రం మట్టిలో ఊరికే తిరుగుతుంది. భయమంతా దిగేటప్పుడే. చదును నేల మీద పెరిగినదాన్ని, దిగుడు నాకు కొత్త. పీఈటీ సార్ చెప్పింది రెండే మాటలు. సీటు కిందికి దించి బరువు వెనక్కి వేయాలి. పడకూడదనుకునే రాయిని చూడకూడదు, పోవాల్సిన చోటును చూడాలి, ఎందుకంటే చూపు ఎటుంటే చక్రం అటే పోతుంది. మొదటి ఆదివారం సగం దూరం సైకిల్ నడిపించుకుంటూనే దిగాను.

ఇంటికి వచ్చి దీని గురించి చదివితే, కొండల్లో తొక్కే ఈ సైకిల్ పుట్టిందే ఫైర్‌రోడ్డు మీద అని తెలిసింది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, మారిన్ కౌంటీ. అక్కడి కుర్రాళ్లు పాత సైకిళ్లు బాగుచేసుకుని, అగ్నిమాపక బండ్ల కోసం కొండల్లో వేసిన మట్టి దారుల మీద దిగేవాళ్లు. 1976 అక్టోబరు 21న అలాంటి ఒక దారిలో పందెం పెట్టుకున్నారు. సుమారు రెండు మైళ్లలో 1,300 అడుగుల దిగుడు. ఆ సైకిళ్లకు బ్రేకు వెనక చక్రం హబ్ లోపలే ఉంటుంది, పెడల్ వెనక్కి తొక్కితే పడుతుంది. కిందికి చేరేసరికి హబ్ వేడెక్కి లోపలి గ్రీజంతా పొగైపోయేది. మళ్లీ గ్రీజు నింపుకోవాల్సిందే. అందుకని ఆ దారికే ‘రీప్యాక్’ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది వాళ్లలో ఒకడైన జో బ్రీజ్ కొండ దారుల కోసమే ఒక ఫ్రేమ్ తయారు చేశాడు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 1996 అట్లాంటాలో, అది ఒలింపిక్ ఆట అయింది. ఆ కుర్రాళ్లతో సమానంగా వెండి క్రాగ్ అనే ఆమె కూడా ఆ దారి దిగేది. ఆనాటి ఫొటోలు చాలావరకు ఆమె తీసినవే.

ఏడో తరగతిలో ‘రీ’ చేర్చి మాటలు తయారు చేసే పాఠం వస్తే రీరైట్, రీచార్జ్ పక్కన రీప్యాక్ కూడా బోర్డు మీద రాశాను. మిగతా రెండూ మర్చిపోయినా ఇది మాత్రం ఎవరూ మర్చిపోలేదు. గ్రీజు పొగ మహిమ.

ఫిబ్రవరి రెండో వారం పడ్డాను. మలుపులో గులకరాళ్లు. భయంతో కుడిచేతి బ్రేకు, అంటే ముందు చక్రానిది, ఒక్కసారిగా నొక్కేశాను. చక్రం పక్కకు జారింది. హెల్మెట్ ఉంది కాబట్టి తలకు ఏమీ కాలేదు, మోచెయ్యి మాత్రం చెక్కుకుపోయింది. స్కూల్లో ఎవరడిగినా మెట్ల మీద జారానన్నాను. అబద్ధం ఆడొద్దని రోజూ పిల్లలకు చెప్పే మనిషిని. అమ్మకు కనపడకుండా మూడు రోజులు పొడుగు చేతుల చుడీదార్లు వేసుకున్నాను. నొప్పి కంటే ఆ దాపరికమే ఎక్కువ బాధపెట్టింది.

ఆ నెల పీటీఎంలో ఆ అమ్మాయి తల్లి వచ్చారు. మార్కుల మాటలయ్యాక నా చేతి కట్టు చూసి ఏమైందని అడిగారు. ఈసారి నిజం చెప్పాను. “ఈ వయసుల సైకిలేంది మేడం, పడితే ఎట్ల?” అన్నారు. పడ్డాననీ, మళ్లీ ఆదివారం వెళ్లాననీ చెప్పాను. మేడ మీది సైకిల్ మాట ఎత్తాలని నోటిదాకా వచ్చింది. వాళ్ల ఇంటి సంగతి, రోడ్డు మీద లారీల సంగతి నాకేం తెలుసు? రోడ్డు గురించి ఆమె భయం ఉత్తది కాదు. చివరికి ఒకటే అన్నాను: మీ పాప రాసిన పేజీ బ్యాగులో ఉంది, ఒకసారి చదవండి అని. ఆమె ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి వెళ్లారు. తర్వాత ఏం జరిగిందో నేను అడగలేదు.

ఇంట్లో అమ్మకు మాత్రం తెలిసిపోయింది. చాటలో ఆకు పెట్టుకుని, రేకు పెట్టి కత్తిరిస్తూ, తలెత్తకుండానే “గందుకే ఒద్దన్న” అంది. మా అమ్మ బీడీలు చుట్టే మనిషి. నా బీఈడీ ఫీజులో ఆ బీడీల డబ్బూ ఉంది. ఏం చెప్పాలో తెలియక ఫైర్‌లైన్ గురించి, వాచర్ గురించి, తునికాకు కోసం పెట్టే నిప్పు గురించి చెప్పుకుంటూ పోయాను. కత్తెర ఆగింది.

“ఆడ తునికి చెట్లుంటయా?”

ఉంటాయన్నాను.

“ముప్పై ఏండ్ల సంది ఆకు కత్తిరిస్తున్న. చెట్టెట్లుంటదో చూడలె.”

ఈ నెల మొదటి ఆదివారం అమ్మ కూడా పాల ట్రాలీ ఎక్కింది. టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, నా కోసం పసుపు పొట్లం. ఫైర్‌లైన్ పక్కన నడుము ఎత్తు తునికి మొక్క చూపించాను. ఇదేనా అన్నట్టు చూసింది. చిగురాకు ఒకటి తుంచి, అరచేతిలో పరిచి, బొటనవేలితో మెల్లగా సాగదీసింది, ఇంట్లో రోజూ చేసినట్టే.

“లేతగున్నది. ఇంకిన్ని దినాలు ఆగాలె” అని ఆకును కొంగుకు ముడేసుకుంది.

నేను సీటు కిందికి దించుతుంటే వచ్చి నిలబడింది. దిగుడు ఎంత దూరమో తొంగి చూసింది. “పో. నేనీడ్నే ఉంట” అంది. నేను కదిలాక వెనక నుంచి మళ్లీ కేక: “కుడిచెయ్యి మెల్లగ!”