ఎక్కువైనా రాయాల్సిందే

నేను బడిలో చదివింది తమిళం. తెలుగు మా అమ్మ నోట నేర్చింది, రాయడం పెద్దయినాక పట్టుబడింది. తప్పులుంటే మన్నించాలి.

పోయిన నెల ఏలగిరి కొండ దారిలో 50 కిలోమీటర్ల పరుగుకి నేను పోయింది మీకందరికీ తెలుసు. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. దాన్ని మించితే అల్ట్రా మారథాన్. ‘64 ఏళ్ల వయసులో ముగించినారు’ అని గ్రూపులో అందరూ మెచ్చుకొన్నారు. సంక్రాంతి సభలో శాలువా కప్పుతామని కార్యదర్శిగారు ఫోన్ చేసినారు. అది భుజం మీద పడేలోగా ఒక సంగతి చెప్పాలి.

గడువు 9 గంటలు. నేను చేరింది 9 గంటల 11 నిమిషాలకు. వయసు చూసి జాలిపడి పతకం మెడలో వేసినారు. నేను వద్దనలేదు. ఫోటోకి నవ్వినాను కూడా. దక్షిణాఫ్రికాలో 1921లో మొదలైన కామ్రేడ్స్ పరుగు సుమారు 90 కిలోమీటర్లు. గడువు కాగానే తుపాకి పేలుస్తారు. గీతకి అడుగు దూరంలో ఉన్నా పతకం లేదు. అది తలచుకొని ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు.

ఆ 11 నిమిషాలు ఎక్కడ పోయినాయి? 28వ కిలోమీటరు దగ్గర పాత ఆఫీసు స్నేహితుడు పెరుగన్నం, మాగాయ తెచ్చి కూర్చోబెట్టినాడు. 20 నిమిషాలు కబుర్లు చెప్పుకొన్నాము. కాళ్లు మొరాయించలేదు, ఎండ ఆపలేదు. నేనే కూర్చున్నాను.

టికెట్ కౌంటర్లో 34 ఏళ్లు పనిచేసినవాణ్ణి. డ్యూటీ దిగేటప్పుడు డబ్బు తక్కువైతే మేమే కట్టాలి. ఎక్కువైతే? అదీ పుస్తకంలో రాసి కట్టేయాల్సిందే. జేబులో వేసుకొంటే దొంగతనం. మీ మెచ్చుకోలు నాకు అట్లా ఎక్కువొచ్చిన డబ్బు. ఇప్పుడు కట్టేస్తున్నాను.

అట్లని మొత్తం సున్నా అని రాసినా తప్పే. చివర్లో కొండెక్కే దారికి 14 హెయిర్‌పిన్ మలుపులు. నాలుగో మలుపులో పిక్క పట్టేసింది. వెనక వస్తున్న బండివాళ్లు మూడుసార్లు ‘ఎక్కండి అయ్యా’ అన్నారు. ఆ మలుపులకి తమిళ కవుల పేర్లు, దాతలైన రాజుల పేర్లు పెట్టినారు. చిన్నప్పుడు వాచకంలో బట్టీ పట్టిన పేర్లే. తరువాతి బోర్డు వరకు, ఇంకొక్క బోర్డు వరకు అని కుంటుకుంటూ నడిచినాను. ఆ ఫోటో ఎవరి దగ్గరా లేదు. నాకు తృప్తినిచ్చింది మాత్రం అదే. పతకం బీరువాలో పెట్టేసినాను.

కార్యదర్శిగారూ, శాలువా కప్పాలనే ఉంటే మైకులో ‘గడువు దాటి 11 నిమిషాలకు చేరినాడు’ అని చెప్పి కప్పండి. సంతోషంగా కప్పించుకొంటాను. మా స్నేహితుడికి కూడా చెప్పేసినాను, వచ్చే ఏడు పెరుగన్నం కొండపైకి తెమ్మని.