కడుగక పోసిన నూనె

బోధను చక్కెర కర్మాగారపు నేటి స్థితిని చూచి వ్రాయుమని ఒక సంపాదకమిత్రుడు కోరగా, నిజామాబాదు విడిచి, జానకంపేట, ఎడపల్లిల మీదుగా బోధను చేరితిని. మంజీరానదిపై 1923 మొదలు 1931 వరకు కట్టిన నిజాంసాగరము నీరిచ్చుటచేత చెరకు పండిన నేల యిది. ఆ చెరకును నమ్ముకొని 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసి, దాని చుట్టును శక్కర్‌నగర్ పెరిగినది. 2015 డిసెంబరులో లేఆఫు ప్రకటనతో ఆ యంత్రములు నిలిచిపోయినవి. కర్మాగార ద్వారమునకు పోవలసిన నేను దారిలో ఒక సైకిలు మరమ్మతు దుకాణము ముందర ఆగి, ప్రొద్దువాలువరకు అక్కడనే ఉండిపోతిని.

ఒకప్పుడది గంటకింతయని సైకిళ్ళను అద్దెకిచ్చు సైకిల్ టాక్సీయట. ఇప్పుడు అద్దెకు పోవు సైకిళ్ళు లేవు, మరమ్మతు మాత్రము మిగిలినది. వేపచెట్టునానుకొన్న రేకుల కప్పు క్రింద పీటవేసుకొని కూర్చున్న వృద్ధుని అందరును చాచా యని పిలుచుచుండిరి. నేనును అట్లే పిలిచితిని. ఆయన ముందర ఒక పాలవాని అట్లాసు సైకిలు తలక్రిందుగ నిలిచియున్నది. 1951లో సోనీపత్‌లో పుట్టిన ఆ సంస్థ 2020 జూన్ 3వ తేదీన, ప్రపంచ సైకిలు దినమునాడే, సాహిబాబాదు కర్మాగారమున ఉత్పత్తి నాపివేసినది. ఆ సైకిలు మాత్రము పాలక్యానులు మోయుచునే యున్నది. అట్లు మోయుచున్నదనిన అందుకు కారణము ఈ పీటమీది మనిషియే యని కొంతసేపటికే నాకు తెలిసినది.

పెడలును వెనుకకు త్రిప్పుచు లాకున్న ముడిని ముందునకు తెచ్చుకొని, పేచ్‌కస్ మొనతో దానిని తప్పించి, చైనును ఊడదీసి, డీజిలు పోసిన రేకుతట్టలో చుట్టగ పరచెను. పూర్వము దీనికి గ్యాసునూనె వాడెడివాడట. చైను నానుచుండగ తాను ఊరకుండక, ఫ్రీవీలు పళ్ళ నడుమ గడ్డకట్టిన నల్లని మడ్డిని సన్నని పుల్లతో గీకివేసెను. పిమ్మట పాత బ్రష్షుతో ముడిముడిని తోమి, డీజిలు నల్లబడగానే దానిని తేరుటకై పక్కడబ్బాలో పోసి, తేటది పోసికొని మరల తోమెను. చైనును చెవిదగ్గర కెత్తి ఆడించి, లోపల ఇసుక కరకరలాడు చప్పుడు వినబడినంతవరకు కడుగుట మానలేదు. కన్నులు మందగించిన వయస్సున చెవిచేత పరీక్షించు ఆ నేర్పును, నిమిషమునకు రూపాయి లెక్కకట్టని ఆ నిదానమును చూచుచు, నేను వచ్చిన పనిని పూర్తిగ మరచితిని.

చైను ఎండలో ఆరిన తరువాత మరల చక్రములకెక్కించి, లాకు యొక్క మూసియున్న కొన చైను పరుగెత్తు దిక్కునకే ఉండునట్లు అమర్చెను; తెరచియున్న కొన ముందుండినచో ఏ పుల్లయో తగిలి లాకు ఊడిపోవును. అప్పుడు మిషన్ నూనెను క్రింది వరుసకు లోపలివైపున, ఒక్కొక్క రోలరుపై ఒక్కొక్క బొట్టు చొప్పున, ఒక్క ముడినైనను విడువక వేసి, పెడలును వెనుకకు త్రిప్పి, నూనె దిగుటకు ఓపికతో ఆగి, కడకు పైన మిగిలినదాని నంతయు పొడిగుడ్డతో తుడిచివేసెను.

"పోసిన నూనెను తుడుచుట యెందుకు చాచా?" అని అడిగితిని.

"పైన ఉన్న నూనె మట్టిని పిలుస్తది సార్. నూనె లోపలుండాలె, పైన పొడిగుండాలె" అనెను.

అంతలో ఒక యువకుడు వచ్చి, సైకిలు దిగకయే, "జర నూనె కొట్టు చాచా, జల్ది పోవాలె" అనెను. "కడగకుంట పొయ్య బేటా, ఇడిసిపెట్టి పో, పొద్దుమీకి రా" అని చాచా చెప్పగా, ఆ యువకుడు విసుగుతో వెళ్ళిపోయెను. చాచా నాతో గాక, తన పక్క బల్లమీద కూర్చున్న పాత మిత్రునితో, "అందరు నూనె పొయ్యమంటరు గని కడుగుమని ఒక్కడన్న అనడు. పోస్తే మీద మెరుస్తది, లోపల తింటుంటది" అని వాపోయెను.

ఈ మాటలో యంత్రశాస్త్రమంతయు ఇమిడియున్నది. 1880లో మాంచెస్టరు ప్రాంతమున హాన్స్ రెనాల్డ్ రూపొందించిన రోలరు చైనుకు నేటి సైకిలు చైను సంతతి. దాని ముడికిని ముడికిని నడుమ దూరము అర అంగుళము. అరుగుదల మనకు కనబడు పైరేకులలో కలుగదు. లోపలి పిన్ను తన చుట్టునున్న బుష్షుతో ఒరయుచోట కలుగును. నల్లరేగడి దుమ్ముతో కలిసిన నూనె అచ్చట ఆకురాయివలె పనిచేసి, వెంట్రుకవాసి చొప్పున ఉక్కును తినివేయును. ఇరువదినాలుగు ముడులు సరిగ పండ్రెండంగుళములుండవలెను; అంగుళములో ఎనిమిదవ వంతు పెరిగినచో ఆ చైను పళ్ళచక్రమును కూడ కొరికివేయును, తరువాత క్రొత్త చైను వేసినను అరిగిన పళ్ళపై నిలువక జారును. చాచా ఈ కొలతను బడిపిల్లల స్కేలుతో నాకు చూపెను. కడుగుటకు ఒక పూట వెచ్చింపనివాడు, కొన్ని నెలలకు చైనును, పళ్ళచక్రమును, ఫ్రీవీలును మూటిని కొనవలసివచ్చును.

బల్లమీది మిత్రుడు పూర్వము చక్కెర కర్మాగారమున పనిచేసినవాడు. సైరను మ్రోగిన వేళల ఈ దారి సైకిళ్ళతో నిండిపోయెడిదని ఆయన చెప్పెను. చెరకును మిల్లులోనికి చేరవేయు క్యారియరును లాగునదియు గొలుసే యని, చెరకు ఆడు కాలము ముగిసిన పిమ్మట వేసవియందు దానిని విప్పి, కడిగి, అరిగిన ముడులు మార్చి, మిల్లు రోలర్లను సరిచేసెడివారని వివరించుచు, "సీజన్ అయిపోయినంక మాకు అసలు పని మొదలైతుండె సార్" అనెను. ఆ మాట పలుకునపుడు ఆయన ముఖమున వెలిగిన గర్వమును నేను గౌరవముతో చూచితిని.

కర్మాగారము మూతపడుటకు కారణములు వేరు. అవి పెట్టుబడులకు, ప్రభుత్వ విధానములకు సంబంధించినవి. కాని యంత్రము ఆగినచోట తుప్పు పట్టునది ఇనుము మాత్రమే కాదు. వేసవియందు విప్పి కడుగుటయెట్లో తెలిసిన మనుష్యులు ముసలివారగుచున్నారు, పొట్టకొరకు ఊళ్ళు పట్టిపోవుచున్నారు, మరణించుచున్నారు. వారి చేతిలోని విద్య ఏ పుస్తకమునను వ్రాయబడలేదు. నిర్మించినవానికి శిలాఫలకము పెట్టుదుము, ప్రారంభించినవానికి పూలదండ వేయుదుము, ఏటేట కడిగి నిలబెట్టినవాని పేరు మాత్రము అడుగము. ఈ అలవాటు మనకు చేయు నష్టము చిన్నది కాదు. పాడైనదానిని పారవైచి క్రొత్తది కొనుటయే అభివృద్ధియని నమ్ము సంఘమున, ఉన్నదానిని కాపాడుట నేర్చినవాడు పేదవాడుగను, అప్రసిద్ధుడుగను మిగులును.

సైకిలుమీద బడికి వచ్చు ప్రతి బాలునకు, బాలికకు ఏడాదికొకసారి చైను విప్పి కడుగుట నేర్పుటకు ఏ ఉన్నత పాఠశాలకైనను ఒక్క సాయంత్రము చాలును. గురువుగ ఇట్టి చాచాను పిలిచి, తగిన పారితోషికమిచ్చి, పిల్లలయెదుట కూర్చుండబెట్టవలెను. ఇక చక్కెర మిల్లును తిరిగి తెరిపింతుమని చెప్పువారిని నేనడుగునది ఒక్కటే: తెరచునాటి ఖర్చుతోపాటు, ప్రతి వేసవియందును దానిని విప్పి కడుగుటకు ఎంత సొమ్ము కావలయునో, ఎందరు మనుష్యులు కావలయునో, ఆ పని నేర్పగలవారు ఈ ఊళ్ళలో ఇంకను ఎవరు మిగిలియున్నారో, అదికూడ లెక్కలో వ్రాసి ప్రజలకు చూపవలెను.