గంటా పది నిమిషాలు

శంషాబాద్ నుండి రాజమండ్రి చెంతనున్న మధురపూడికి ఆకాశమార్గాన దాదాపు 360 కిలోమీటర్లు. రోడ్డు మీదనైతే నాలుగు వందలు దాటుతుంది. మా తాతగారు ఆమడకు ఎనిమిది మైళ్ళు కట్టేవారు. ఆ లెక్కన ఇరవై ఎనిమిది ఆమడలు! అంత దూరాన్నీ గంటా పది నిమిషాలలో దాటవచ్చునని అరవై ఏడేళ్ళ వయసులో, నిరుడు కార్తికమాసంలో, మొదటిసారిగా అనుభవంలోకి వచ్చింది.

మా పెద్దక్కయ్య రాజమండ్రిలో ఉంటుంది. మూడేళ్ళుగా "ఒకసారి వచ్చి పోరా" అంటూనే ఉన్నది. "రాత్రంతా రైలు, మోకాళ్ళు సహకరించవే అక్కయ్యా" అని నేనూ అంటూనే ఉన్నాను. అందులో సగమే నిజం. తక్కిన సగం, అమ్మ ఉన్న ఇల్లు అమ్మినప్పుడు ఆమె నన్ను అన్న ఒక మాట. నిరుడు ఆమె జారిపడి తుంటి ఎముక విరిగిందని కబురు వచ్చింది. అబ్బాయి నన్ను అడుగకుండానే విమానం టిక్కెట్టు కొన్నాడు.

ఉదయం ఎనిమిదింటికి కూకట్‌పల్లిలో ఇల్లు కదిలితే, పుష్పక్ బస్సు శంషాబాద్ చేర్చేసరికి పది. 2008 మార్చిలో విమానాలు బేగంపేట విడిచి ఇక్కడికి తరలినప్పుడు, ఎన్నడూ విమానమెక్కని నేను కూడ "అంత దూరమా!" అని విసుక్కున్నాను. తనిఖీలు, వరుసలు, నిరీక్షణ అన్నీ ముగిసి పదకొండున్నరకు బయలుదేరాము. రెక్కలకు రెండు పంఖాలున్న చిన్న ఏటీఆర్ విమానమది.

'విమాన' శబ్దంలోని 'మా' ధాతువుకు కొలుచుట అని అర్థం. పిల్లలకు ఎన్నోసార్లు చెప్పిన సంగతే. ఆ పూట మాత్రం అది నన్నే కొలుస్తున్నట్లు తోచింది. అక్కయ్యతో ఏమనాలో మనసులో కూర్చుకుంటున్నాను. మొదటి వాక్యం కుదరకముందే క్రింద గోదావరి, ఇసుక తిన్నెలు కనిపించాయి. రైలులోనైతే రాత్రంతా ఉండేది గదా!

అక్కయ్య గడప తొక్కేసరికి రెండు కావస్తున్నది. మంచం మీద నుండే తల త్రిప్పి,

"గౌతమికి దిగావా?" అన్నది.

"ఊఁ" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఆమె గోడ గడియారం వంక చూసింది. "గౌతమి పొద్దున్నే వచ్చేస్తుంది కదరా. ఇంతసేపూ స్టేషనులో కూర్చున్నావా?"

ఇక దాచలేక విమానం సంగతి చెప్పాను. ఎంతసేపు పట్టిందని అడిగింది. అదీ చెప్పాను. కండువా అంచు సవరించుకుంటూ కూర్చున్నాను. ఆమె చాలాసేపు పలుకలేదు. ఇంటి మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

చివరకు, "టిక్కెట్టు ఎంతయిందిరా?" అన్నది.

సగానికి తగ్గించి చెప్పాను. అయినా తిట్టింది.